గీత గీసిన చోటు

మోంతెవిదేవోలో జూలై చలి.
ఆరో అంతస్తులో రాత్రి డ్యూటీ నాది.
గాలి తోడేసిన గిన్నెలో
ఆరుగురి నెత్తుటి తేట
నిమిషానికి ముప్పైవేల చుట్లు తిరుగుతోంది.

ఆపి చూస్తే
గొట్టం అడుగున ఏమీ కనిపించదు.
అందుకే ముందే
బయటివైపు నల్లసిరాతో చిన్న గీత గీసి ఉంచుతాం:
ఏదైనా ఉంటే ఇక్కడే ఉండాలి.
పైనీళ్లు వంచేటప్పుడు
ఆ గీతనే నమ్ముకోవాలి.

ఎన్నేళ్లో వీటి ముఖం చూసినవాళ్లు లేరు.
రక్తపు దుమ్మన్నారు.
ఆ తర్వాత, కణాలు బయట పడేసే చెత్త సంచులన్నారు.
వెంట్రుకను వెయ్యి పాయలుగా చీలిస్తే
ఒక్క పాయంత సంచి.
లోపల చిటికెడు ప్రోటీను, నాలుగు ఆర్‌ఎన్‌ఏ తునకలు,
పొర మీద పుట్టిల్లు చెప్పే ఆనవాలు.

ఈ మాట చెబితే మా అమ్మ జుల్మా నవ్వింది.
ముప్పై ఏళ్లు చెత్త ఏరిన మనిషి.
నుదుట చుక్కున్న లుసెరో అనే గుర్రం, రెండు చక్రాల బండి,
పోసితోస్ వీధుల్లో డబ్బున్నవాళ్ల సంచులు.
ముడి చూసి ఇంటి గుట్టు చెప్పేది:
ఇక్కడ పసిబిడ్డ పుట్టింది,
ఇక్కడ ఎవరో తాగుడు మానారు, మళ్లీ మొదలెట్టారు,
ఈ ముసలాయన మాత్రలు మింగకుండా
గుడ్డపీలికలో చుట్టి పారేస్తున్నాడు.
విప్పకుండా చెత్త అనకు, అనేది
నా చేతి మీద చిన్నగా తట్టి.

ఆమెకూ కొన్ని నెలలుండేవి.
పెరట్లో సంచులు గోడలా పెరిగేవి.
లుసెరో ఆకలికి కంచె కొరికేది.
తొమ్మిదేళ్లదాన్ని, ముళ్లు విప్పడం చేతకాక
పళ్లతో తెంపేదాన్ని.
ఏమైందమ్మా అని డాక్టరు అడిగాడు.
ఏమీ లేదు, అంది అమ్మ.
ఆయన అదే రాసుకున్నాడు.

పెదవి విప్పని మనిషిలో కూడా
మెదడు నోట నువ్వుగింజ నానదని
ఇప్పుడిప్పుడే తెలుస్తోంది మాకు.
ఒక కణం మూట కడుతుంది, ఇంకోటి విప్పుకుంటుంది.
కొన్ని మూటలు
మెదడుకీ రక్తానికీ నడుమ ఉన్న కాపలా గోడ దాటి
మోచేతి మడతలో నరం దాకా వచ్చేస్తాయి.
వాపు కబురు మోసేవి కొన్ని.
గాయానికి మందు మోసేవీ ఉన్నాయట.
దిగులు పట్టినవాళ్ల మూటల్లో సరుకే వేరని ఒక లెక్క,
అంత తేడా ఏం లేదని మరో లెక్క.
ఆ ఆనవాలు మెదడుదా, మూత్రపిండానిదా
అని మాలో మాకే ఇంకా తగువు.
మా పెద్దాయన ఎచెవెస్తే పెన్ను మూతతో బల్ల మీద కొట్టి
అప్పుడే ఎవరికీ చెప్పకండి, అంటాడు.

మార్చిలో అమ్మ కూడా రక్తం ఇచ్చింది.
పేర్లుండవు, అంకెలే.
ఈ ఆరింటిలో ఆమె ఉందో లేదో నాకు తెలీదు,
తెలుసుకోకూడదు.
అయినా నాలుగో గొట్టాన్ని ఎందుకో
కాస్త మెల్లగా పట్టుకున్నాను.
తర్వాత ఐదోదాన్నీ అలాగే పట్టుకోవలసి వచ్చింది.

ఆదివారం అమ్మ వచ్చింది,
చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్ర.
రెండూ గుమ్మం దగ్గరే పెట్టించి
చేతులకి తొడుగులు వేశాను.
గొట్టాన్ని దీపానికెత్తి చాలాసేపు చూసింది.
ఏదీ?
గీత చూపించాను.
ఇది నువ్వు గీసిందేగా, అంది.
అవునన్నాను.

బొటనవేలితో ఆ గీతను తడిమింది,
ముడి వదులా బిగువా అని
ఒకప్పుడు చీకట్లో చూసుకున్నట్టు.

గట్టిగానే కట్టారు ఎవరో,
అని తిరిగి నా చేతిలో పెట్టింది.